కుంటికాలి గరుకమ్మ, కొసరి వడ్డించిన గుంటన్న

ఎర్రగుట్ట కింద పాలవాగు వంపు తిరిగే చోట ఏనుగంత బండ ఒకటుంది. ఆ బండ నడుమ నిలువునా ఒక నెర్రె. ఆ నెర్రెలో గరుకమ్మ అనే ఉడుము కాపురం ఉండేది.

పొద్దున్నే వాగు దాటి తంగేడు పొదల్లో కౌజుపిట్టల గుడ్లు వెతుక్కోవడం, మధ్యాహ్నం పుట్టలు తవ్వడం, సాయంత్రం ఎండ్రకాయల వేట. రోజుకు గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగేది. తిరిగినంత తినేది, తిన్నంత తిరిగేది. దానికి తోడు గరుకమ్మకు ఇంకో గుణం ఉంది. ఏది చూసినా ‘ఇది ఎందుకిలా ఉంది?’ అని ఆరా తీయందే తోచేది కాదు. చీమల బారు ఎక్కడికి పోతోందో చూద్దామని వెంటపడి, ఒకరోజు మధ్యాహ్నం తిండే మరిచిపోయింది.

ఆ ఆరాయే కాలి మీదికి తెచ్చింది. తొలకరి వాన పడిన మర్నాడు గుట్టవాలులో ఒక రాయి కింద ఏదో బోలుగా ఉన్నట్టు అనిపించి, లోపలేముందో చూద్దామని గోళ్ళతో గీరింది. వానకు నానిన మట్టి జారింది. రాయి దొర్లి వెనక కుడికాలి మీద పడింది. ఆ రాయి కింద ఏమీ లేదు.

ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ బండ దగ్గరికి చేరేసరికి, వాగు ఒడ్డున ఎండ కాచుకుంటున్న తాబేలు చిప్పయ్య తాత చూశాడు. గుట్ట పుట్టినప్పటినుంచీ ఉన్నవాడని అడవిలో చెప్పుకుంటారు. మెడ చాచి కాలు అటూ ఇటూ పరికించాడు.

“ఎముక విరగలేదమ్మాయ్. బాగా నలిగింది అంతే. రెండు నెలలు దాని మీద బరువు మోపకు. పరుగులు, చెట్లెక్కడాలు, తవ్వకాలు అన్నీ బంద్.”

“రెండు నెలలా! కదలకుండా నేనేం చేయను తాతా?”

“మానిపోవడం కూడా ఒక పనే. అది చెయ్యి” అని చెప్పి, కొత్తనీరు రావడంతో ముసలాయన పై మడుగులో చుట్టాలను చూసిరావడానికి బయల్దేరాడు. ఆయన నడకకు పోను వారం, రాను వారం.

రెండు రోజులు గరుకమ్మ గుమ్మంలో పడుకుని, దారిన పోయే పురుగులను నాకి కడుపు నింపుకుంది. మూడోరోజు పొద్దున్నే బండ ముందు అడుగుల చప్పుడైంది.

“అక్కా, ఇంట్లో ఉన్నావా?”

గరుకమ్మ తల ఒక్కటే బయటపెట్టింది. నక్క గుంటన్న! ఎదురుగా నేల మీద రెండు కౌజు గుడ్లు పెట్టి, చెవులు వెనక్కి వాల్చి, పెళ్ళివారింటికి వచ్చినవాడిలా వినయంగా నిలబడి ఉన్నాడు.

“నీ కాలి సంగతి తెలిసినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదక్కా. ఇవి తిను.”

“నా మీద ఇంత దయేమిటి తమ్ముడూ?”

“ఏం మాటక్కా! ఒకే వాగు నీళ్ళు తాగేవాళ్ళం. రేపు నా కాలు విరిగితే నువ్వు చూడవా?”

నక్క వినయం సంగతి గరుకమ్మకు తెలియకపోలేదు. కానీ గుడ్ల వాసన ముక్కుకు తగిలింది. నెర్రె గుమ్మంలో ఉన్నంతసేపూ తనకేం భయం? లోపలికి దూరి, గోళ్ళు రాతికి తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి ఒళ్ళు ఉబ్బించిందంటే, ఎవరు తోక పట్టుకు లాగినా ఊడిరాదు. ఉడుంపట్టు అని ఊరికే అన్నారా? వాడు పక్కకు తప్పుకున్నాక వచ్చి గుడ్లు తినేసింది.

సాయంత్రం ఎండ్రకాయలు వచ్చాయి. మర్నాడు చేపలు. ఆ మర్నాడు ఊరి బయట పారేసిన కోడి పేగులు. “ఇంకొక్కటి అక్కా, నా మీద ఒట్టు” అంటూ గుంటన్న కొసరి కొసరి వడ్డించేవాడు. గుట్ట చుట్టూ తిరిగిన రోజుల్లో ఎంత తినేదో గరుకమ్మ అంతా తింది. తర్వాత ఇంకా ఎక్కువే తింది. పొద్దు పోక తింది. కాలు సలిపితే మరిచిపోవడానికి తింది. మళ్ళీ చెట్టెక్కగలనో లేదోనని దిగులేస్తే ఆ దిగులుకు తింది. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు గానీ, ఒళ్ళు మాత్రం కొండవుతుంది.

పన్నెండో రోజు లోపలికి పోతుంటే రెండు పక్కలా రాయి గీసుకుంది.

‘అరె, ఇదేమిటి? వానకు బండ ఉబ్బిందా?’

ఎప్పటి గుణం నిద్రలేచింది. గరుకమ్మ వెనక్కి వచ్చి గుమ్మాన్ని పరీక్షగా చూసింది. నెర్రె రెండంచులకూ పట్టిన పచ్చని నాచు మొన్నటిదాకా చెక్కుచెదరలేదు. ఇప్పుడు తన పొట్ట ఎత్తున రెండు వైపులా గీరుకుపోయి రాయి బయటపడింది. పైనా కిందా నాచు అలాగే ఉంది. బండ ఉబ్బితే అంతటా ఉబ్బాలి గదా!

అది ఆలోచిస్తూ ఉండగానే గుంటన్న చేపతో దిగాడు. చేప కింద పెట్టి, ఆమెను ఓసారి, నెర్రెను ఓసారి చూశాడు.

“నిన్న లోపలికి సులువుగానే పోయావా అక్కా? ఎక్కడా పట్టలేదు గదా?”

“సులువుగానే పోయాను తమ్ముడూ” అంది గరుకమ్మ. నోరు అలా అన్నది గానీ, మనసు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. భోజనం పెట్టేవాడు రుచెలా ఉందని అడుగుతాడు, కడుపు నిండిందా అని అడుగుతాడు. గుమ్మం వెడల్పు వీడికెందుకు?

ఆ ఒక్క ‘ఎందుకు’ పట్టుకుని లాగితే అసలు సంగతి బయటపడింది. ఉడుమును నెర్రెలోంచి లాగడం నక్కవల్ల కాదు. అందుకని నెర్రెలో పట్టని ఉడుమును తయారుచేస్తున్నాడు!

రెండు రోజులకు చిప్పయ్య తాత తిరిగి వచ్చాడు. ఆమెను చూసి, కళ్ళు చికిలించి మళ్ళీ చూశాడు.

“పద్నాలుగు రోజుల్లో కాలు కొంతైనా మానాలే. వాపు అలాగే ఉందేం?”

“అదే నాకూ అర్థం కావడం లేదు తాతా. అడుగు తీసి అడుగు వేయలేదు.”

“నలుగురు మోసే పల్లకి ఇప్పుడు ముగ్గురు మోస్తున్నారమ్మాయ్. నువ్వేమో లోపల ఇంకో ఇద్దరిని ఎక్కించావు. కోలుకోకముందే ఆ నాలుగోవాడి భుజం మీద కూడా పడదూ బరువు?”

గరుకమ్మ నక్క సంగతి మొత్తం చెప్పింది.

“వాడి తిండి మానేస్తే వాడికి తెలిసిపోతుంది. ఇంకో ఎత్తు వేస్తాడు. నీకేమో ఇప్పుడు పరుగెత్తే కాలు లేదు.”

“పూర్తిగా పస్తుంటే త్వరగా తగ్గనా?”

“ఉండి చూడు” అన్నాడు తాత.

గరుకమ్మ ఉండి చూసింది. తెచ్చిన చేపల్ని తెచ్చినట్టే వాగులోకి నెట్టేసింది. రెండో రోజుకు కళ్ళు తిరిగాయి, కాలు మరీ సలిపింది, మూడో రోజు తట్టుకోలేక మూడు రోజులకు సరిపడా తిండి ఒక్కసారే తినేసింది.

“ఏం తేలింది?” అన్నాడు తాత.

“పస్తులు పనికిరావని తేలింది.”

“నలిగిన కండ అతుక్కోవాలంటే దానికీ కూడు కావాలి మరి. మానేయొద్దు. ఎంత చాలో చూసుకో.”

“ఎంత చాలో నోటికెలా తెలుస్తుంది తాతా? చేప కనిపిస్తే చాలు, ఆకలేస్తున్నట్టే ఉంటుంది.”

“చేప కనిపించినప్పుడు నిన్ను నువ్వే అడుగు. ‘దీని బదులు పేడపురుగు పెడితే తింటానా?’ అని. తింటానంటే అది ఆకలి. ఛీ అంటే అది పొద్దుపోకపోవడం.”

గరుకమ్మకు నవ్వొచ్చింది. కానీ పరీక్ష అంటే ఆమెకు ప్రాణం. మర్నాటినుంచీ ప్రతిసారీ ఆగి తననే అడిగి చూసుకుంది. ఆశ్చర్యం, రోజుకు ఆరుసార్లు అనిపించే ఆకలిలో రెండే పేడపురుగు దగ్గర నిలబడ్డాయి! ఆ రెండుసార్లు తింది, నెమ్మదిగా నమిలి తింది. మిగిలిన ముక్కలను తాత ముందుకు తోసేది.

“మరి నువ్వు లావెక్కవా తాతా?”

“నా ఇల్లు నా వీపు మీదే ఉంది. లావెక్కినా గుమ్మంలో ఇరుక్కునే భయం లేదు, ఇలా తోయి” అని తాత లొట్టలు వేసుకుంటూ తినేవాడు.

తిండి తగ్గింది, బాగానే ఉంది. కానీ కదలిక లేక ఒళ్ళంతా పట్టేసింది. కాలు నేల మీద మోపకూడదు, నడవకుండా కదిలేదెలా? ఒక మధ్యాహ్నం తాత నీళ్ళలోకి జారడం చూస్తూ గరుకమ్మకు తోచింది. నేల మీద గుండులా ఉండే ముసలాయన నీళ్ళలో ఆకులా తేలిపోతున్నాడు!

“తాతా, నీళ్ళలో బరువెవరు మోస్తారు?”

“నీళ్ళే మోస్తాయి.”

మెల్లగా వాగులోకి దిగింది. కాళ్ళు నాలుగూ పొట్టకు ఆనించి, తోకను అటూ ఇటూ ఊపింది. ముందుకు పోయింది! కాలికి నొప్పి లేదు, బరువు లేదు. రాయి పడిన నాటినుంచీ మొదటిసారి తన ఒళ్ళు తన మాట వింది. మడుగులో మూడు చుట్లు తిరిగి వచ్చి, ఒడ్డున పడుకుని రొప్పుతూ, ఎందుకో తెలియకుండానే కళ్ళు తుడుచుకుంది. ఆ రోజునుంచీ గుంటన్న పొదలో కునుకు తీసే మిట్టమధ్యాహ్నం వేళ రోజూ ఈతే.

కానీ పొద్దునా సాయంత్రం వాడు వచ్చి చూస్తాడే! తగ్గినట్టు కనబడితే ఎలా? దానికీ ఉపాయం ఆమె ఒంట్లోనే ఉంది. అడుగుల చప్పుడు వినబడగానే, గుమ్మంలోనే ఉండి గుండెల నిండా గాలి పీల్చి పక్కలు ఉబ్బించేది.

“అబ్బో! ఒళ్ళు చేశావక్కా!” అని గుంటన్న మురిసిపోయేవాడు.

“నీ... చలవే... తమ్ముడూ” అనేది గరుకమ్మ, గాలి పోకుండా ముక్కుతూ.

“ఆయాసంగా ఉందా?”

“లేవలేకపోతున్నానయ్యా.”

అప్పుడు ఆమె ఇంకో సంగతి గమనించింది. తను తగ్గుతుంటే గుంటన్న అంతకంటే తగ్గిపోతున్నాడు. వాడి డొక్కలు లోపలికి పోయాయి, మెడ తాటిమట్టలా అయింది. దొరికిందంతా ఇటే మోసి, రేపటి విందు తలుచుకుని వాడు పస్తులుంటున్నాడు.

నెల దాటిన ఒక ఉదయం గుంటన్న గుడ్డును బండ దగ్గర పెట్టలేదు. పది బారల దూరంలో పచ్చిక మీద పెట్టి అక్కడే కూర్చున్నాడు.

“నీరసంగా ఉందక్కా, అంతదూరం రాలేను. నువ్వే వచ్చి తీసుకోరాదూ?”

గరుకమ్మ కళ్ళతోనే ఆ దూరం కొలిచింది. ఇవాళే అన్నమాట. పోకపోతే? ఇంకో నెల ఈ ఉబ్బుడు నటన సాగదు. కాలు నేల మీద మోపి చూసుకుంది. కుంటుతుంది గానీ మోస్తుంది. గాలి నిండా పీల్చి, పొట్ట నేలకు రాసుకుంటూ, దొర్లినట్టు పోయి గుడ్డు దగ్గర ఆగింది.

గుంటన్న లేచాడు. వినయం ఎటో పోయింది, పళ్ళు బయటికి వచ్చాయి.

“ఇక చాలక్కా వడ్డించింది. ఇప్పుడు నా వంతు.”

గరుకమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి బండ వైపు పరుగు తీసింది.

“పో, పో!” గుంటన్న నింపాదిగా వెనకే నడుస్తూ నవ్వాడు. “ఎక్కడికి పోతావు? ఆ నెర్రెలో నీ తలకాయ తప్ప ఏదీ పట్టదు. అందులో ఇరుక్కున్నాక వెనకనుంచి తాపీగా తింటాను.”

నెర్రె ముందుకు చేరగానే గరుకమ్మ లోపలి గాలంతా బుస్సుమని వదిలేసింది. డొక్కలు చదునయ్యాయి. తల పోయింది, భుజాలు పోయాయి, పొట్ట పోయింది, ఎక్కడా రాయి తగల్లేదు.

గుంటన్న కళ్ళు తేలేశాడు. నెల రోజుల ఆకలి ఒక్కసారిగా ముంచుకొచ్చి, మిగిలిన తోకనైనా పట్టుకుందామని మూతి నెర్రెలోకి గుచ్చాడు. పస్తులుండి మొహం పీక్కుపోయింది కనుక తల చెవులతో సహా సులువుగానే దూరింది. వెనక్కి మాత్రం రాలేదు.

అప్పుడు గరుకమ్మ తోక ఝుళిపించింది. ముక్కు మీద ఒకటి, మూతి మీద ఒకటి.

“అమ్మో! చంపకు అక్కా! నా నోటి కూడు నీ నోట్లో పెట్టానే, అదంతా ఏమైంది?”

“కొంత వాగులో చేపలు తిన్నాయి, కొంత తాత తిన్నాడు. నాకు కావలసింది నేను తిన్నాను.”

“మరి నేను రోజూ చూసిన ఆ లావు?”

“గాలి తమ్ముడూ” అంది గరుకమ్మ, ఇంకొకటి తగిలిస్తూ.

గుంటన్న కాళ్ళు రాతికి తన్ని బలంకొద్దీ గుంజుకున్నాడు. తల వచ్చింది గానీ, చెవుల మీది చర్మం నెర్రెలోనే ఉండిపోయింది. కుయ్యోమొర్రో అంటూ గుట్ట దాటిపోయాడు, మళ్ళీ పాలవాగు వైపు చూడలేదు.

గరుకమ్మ కాలు పూర్తిగా మానడానికి తాత చెప్పినదాని కంటే ఇంకో పదిహేను రోజులు ఎక్కువే పట్టింది. ఆ తర్వాత మొదటి చెట్టు సగం ఎక్కి దిగింది, రెండోరోజు చిటారు కొమ్మదాకా పోయి, అక్కడినుంచి గుట్ట అవతలి లోయను చాలాసేపు చూస్తూ కూర్చుంది.

నీతి: కాలు ఆగినప్పుడు నోటికి కళ్ళెం వేసుకోవాలి, అడక్కుండా కొసరి వడ్డించేవాడికి ఏం కావాలో ముందే ఆరా తీయాలి.