వినలేని చోటు

పేరిందేవి గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగిన మనిషికి ఆ ప్రశ్న ఆ రోజే ఎందుకు అడగాలనిపించిందా అని కాసేపు ఆలోచించేవారు. విశాఖపట్నం పెదవాల్తేరులో తన మేడ మీది గదిలో ఆవిడ శనివారాలు మాకు మనోవిశ్లేషణ పాఠం చెప్పేవారు. ఆ విద్యలో పాఠాలు చదవడం ఒక భాగం. మనసు బాగాలేక వచ్చినవాళ్లను పెద్దల పర్యవేక్షణలో చూడడం ఇంకో భాగం. ఈ రెండూ నడుస్తుండగానే విద్యార్థి తానే ఒక గురువు దగ్గర దివాను మీద పడుకుని, ఏళ్ల తరబడి తన మనసులోది చెప్పుకోవాలి.

ఇందుశేఖర్ అడిగింది ఈ చివరిదాని గురించే. మాలో అందరికంటే బాగా చదివినవాడు అతను. పాఠాలు ముగిశాయి. మొదటి మనిషిని చూడడానికి అనుమతి కూడా వచ్చింది.

"మేడమ్, నా విశ్లేషణ ఇక ఆపేద్దామనుకుంటున్నాను. చెప్పవలసినదంతా చెప్పేశాను. మిగిలినవి చిన్నప్పటి సంగతులు. అవి నన్నేమీ బాధపెట్టడం లేదు. ఇంకొకళ్ల బాధ వినడానికి నావన్నీ తవ్వుకోవడం అవసరమంటారా?"

పేరిందేవి గారు లేచి కిటికీ రెక్క దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు. తర్వాత, "నాతో పాటు ఒకతను చదువుకున్నాడు. అసలు పేరు వద్దు, వైకుంఠరావు అనుకుందాం," అని మొదలుపెట్టారు.

వైకుంఠరావుకు ఏ పాఠమైనా ఒకసారి వింటే చాలు. తన కలలకు తానే అర్థం చెప్పుకునేవాడు. అవి చాలావరకు సరైన అర్థాలే. అతని విశ్లేషణ శ్రీపాదం గారనే పెద్దాయన దగ్గర జరిగేది. ఒకనాడు మాటల మధ్యలో, "నాకో చెల్లెలుండేది. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది," అని, ఆ వెంటనే క్లాసులో జరిగిన ఏదో చర్చ గురించి చెప్పసాగాడు.

"ఆ పాప పేరేమిటి?" అని అడిగారు శ్రీపాదం గారు.

"దానికీ దీనికీ సంబంధం లేదండి," అన్నాడు వైకుంఠరావు.

పెద్దాయన రెట్టించలేదు. అతనే ఎప్పుడో చెబుతాడని ఎదురుచూశారు. వైకుంఠరావు చెప్పలేదు. నియమం ప్రకారం ఉండవలసినంత కాలం ఉన్నాడు, తర్వాత తనకిక అవసరం లేదని వెళ్లడం మానేశాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేకపోయింది.

అతని దగ్గరకు వచ్చిన మొదటి మనిషి సర్వలక్ష్మి. బళ్లో పాఠాలు చెప్పేది. ఆమెకు ఒక్కతే కూతురు, ఇంకా ఓనమాలు దిద్దే వయసు. ఆ పిల్లను క్షణం వదిలేది కాదు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా మణికట్టు పట్టుకునే ఉండేది. పసిచేతి మీద వేళ్ల అచ్చులు చూసి భర్త భయపడి పంపించాడు. చిన్నతనంలో సర్వలక్ష్మి తన తమ్ముణ్ణి ఆడించడానికి కాలవ గట్టు మీదకి తీసుకెళ్లింది. ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చిన రోజే ఆ సంగతి క్లుప్తంగా చెప్పింది.

"ఆ వేళ జరిగింది జరిగినట్టు నేనెవరికీ చెప్పలేదండి. మా అమ్మకి కూడా. ఇక్కడ చెప్పుకోవచ్చని వచ్చాను."

చెప్పడానికి ఆమె చాలాసార్లు ప్రయత్నించింది. దివాను మీద పడుకుని, అతను వెనక కుర్చీలో కూర్చుని వింటుండగా, మెల్లగా కాలవ దాకా వచ్చేది. గట్టు మీద గడ్డి ఎంత జారుడుగా ఉండేదో చెప్పేది. తమ్ముడి చొక్కా గురించి చెప్పేది. సరిగ్గా అక్కడ వైకుంఠరావు నోరు విప్పేవాడు. మీకు అమ్మ మీద ఉన్న కోపాన్ని మీ మీదకే తిప్పుకుంటున్నారని ఒకసారి అనేవాడు. కూతురిలో తమ్ముణ్ణి చూసుకుంటున్నారని ఇంకోసారి. అన్నీ నిజమే. పర్యవేక్షణలో విన్న పెద్దలు అతని సూక్ష్మబుద్ధిని మెచ్చుకున్నారు. ఏ క్షణాన ఆ మాటలు అన్నాడో వాళ్లు అడగలేదు. ఆ క్షణంలోనే ఎందుకు అన్నాడో అతనికీ తెలియదు.

కొన్నాళ్లకు సర్వలక్ష్మి కాలవ ఊసెత్తడం మానేసింది. బడిలో సంగతులు చెప్పేది, ఆడపడుచు పెళ్లి కబుర్లు చెప్పేది. రాత్రిళ్లు నిద్ర పడుతోందనేది. చివరికి ఒకరోజు, "ఇప్పుడు బాగానే ఉందండి, మీ దయవల్ల," అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ కేసు మీద రాసిన వ్యాసానికే వైకుంఠరావుకు పట్టా ఇచ్చారు.

"సభలో చదివాడు. మేమంతా చప్పట్లు కొట్టాం," అన్నారు పేరిందేవి గారు.

చాలా ఏళ్లు గడిచాయి. వైకుంఠరావుకు పేరొచ్చింది. ఒక మధ్యాహ్నం రాజమండ్రి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే, ఎవరో "డాక్టరు గారూ" అని పిలిచారు. సర్వలక్ష్మి. జుట్టు నెరిసింది. పక్కన, ఆమెకంటే పొడుగ్గా ఎదిగిన కూతురు. తల్లి ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని ఉంది. అమ్మాయి విడిపించుకోవాలని చూడడం లేదు. సంచీ సర్దుకోవడం, సీసా మూత తీసి నీళ్లు తాగడం, అన్నీ మిగిలిన ఒక్క చేత్తోనే చేసుకుపోతోంది. అలవాటైన పని చేస్తున్నట్టే ఉంది.

కుశల ప్రశ్నలయ్యాక సర్వలక్ష్మి గొంతు తగ్గించింది.

"ఇప్పుడు మీకు నెమ్మదించిందా, డాక్టరు గారూ?"

అతనికి అర్థం కాలేదు. "నాకేమైందండీ?"

"ఏమైందో నాకేం తెలుసు. తమ్ముడి సంగతి ఎత్తినప్పుడల్లా వెనకాల మీ ఊపిరి ఆగిపోయేది. మొహం కనబడకపోయినా అది తెలిసేది. పాపం, ఈయనకీ ఎవరో పోయినట్టున్నారు అనుకున్నాను. మిమ్మల్ని కష్టపెట్టడమెందుకని ఆ మాట ఎత్తడం మానేశాను."

వైకుంఠరావు చేతిలో పెట్టె కింద పెట్టాడు. "ఇప్పుడైనా వచ్చి చెప్పండి. వింటాను," అన్నాడు.

సర్వలక్ష్మి నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. "ఇప్పుడంత గుర్తు లేదండి. వాడు ఏ చొక్కా వేసుకున్నాడో కూడా మర్చిపోయాను. ఇంక ఏం చెప్పమంటారు?"

అంతలో వాళ్ల రైలొచ్చింది. తల్లీకూతుళ్లు ఇద్దరికీ కలిపి ఒకటే చెయ్యి అన్నట్టుగా ఎక్కారు. వైకుంఠరావు ఎక్కవలసిన రైలు కూడా వచ్చి వెళ్లిపోయింది. అతను బెంచీ మీదే ఉండిపోయాడు.

"మర్నాడు నా దగ్గరికి వచ్చాడు," అన్నారు పేరిందేవి గారు. "శ్రీపాదం గారు అప్పటికే పోయారు. ఉంటే ఆయన దగ్గరికే వెళ్లేవాడు. పొద్దున వచ్చినవాడు సాయంత్రం దాకా చెల్లెలి గురించే మాట్లాడాడు. జడ ఎలా వేసేవారో, మందు తాగనంటే తను ఎలా కసిరాడో, అన్నీ చెప్పాడు. మధ్యలో ఒకసారి, 'ఆవిడ ఏ ఊళ్లో ఉంటున్నారో అడగలేదు' అన్నాడు. ఆ తర్వాత వెతికాడు కానీ జాడ తెలియలేదు."

ఇందుశేఖర్ తల వంచుకుని ఉన్నాడు. తల ఎత్తకుండానే మెల్లగా అడిగాడు.

"చెప్పుకున్నాక ఆయనకు నెమ్మదించిందా, మేడమ్?"

"నెమ్మదించింది," అన్నారు పేరిందేవి గారు. "ఆవిడ అడిగాక. ఆవిడ తను చెప్పుకోవలసింది మర్చిపోయాక."