మొదటి అక్షింతలు

ఒకానొక రాజ్యంలోకి పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. దాని వెనకే దండోరా వచ్చింది.

భర్త పోయిన ఆడది పెళ్ళిపందిట్లో అడుగు పెట్టకూడదు. ఆమె చెయ్యి తగిలిన వస్తువు కూడా రాకూడదు. కోటలో తాతల నాటి నుంచీ ఉన్న ఆచారమట. కూతురి పెళ్ళి సందర్భంగా ఉద్దండవర్మ మహారాజు దాన్ని దయతో ఊళ్ళన్నిటికీ పంచిపెట్టాడు.

కుమ్మరి అచ్చియమ్మ ఆ మాట కుండలు చేసే సారె ముందు కూర్చుని విన్నది. పన్నెండేళ్ళ కిందట మొగుడు పోతే, ఆ సారె తిప్పుతూనే కూతురు నూకాలును పెంచింది. రాకుమారి పెళ్ళయిన నాలుగోనాడే నూకాలు పెళ్ళి. సాయంత్రానికి కాబోయే వియ్యపురాలు వచ్చి, "తాళి కట్టే వేళకి నువ్వు ఆ కుండలు కాల్చే ఆవం వెనకాల ఉండు వదినా. రాజుగారి మాట" అని చెప్పి పోయింది.

అచ్చియమ్మ తన చేతిలో మట్టిముద్దను సారె మీద విసిరికొట్టింది. తిరుగుతున్న సారె ఆగిపోయింది.

రాకుమారి పెళ్ళికి అరివేణి కుండలు, అంటే పందిట్లో పెట్టే రంగుల కుండలు, చేసేది ఆమే. పెళ్ళినాటి పొద్దున్నే వాటిని బండి మీద తెచ్చి, కోట పందిరి గుమ్మం బయటే దించింది. లోపల పెట్టవేమే అన్నాడు రాజు.

"పెట్టకూడదు మహాప్రభూ. నేను మొగుడు పోయినదాన్ని. నా చెయ్యి తగలని చోటు ఈ కుండల మీద లేదు."

రాజు పొంగిపోయాడు. ఆజ్ఞంటే ఇదీ, మట్టి పిసుక్కునే మనిషి కూడా తప్పదు చూడండి అని సామంతులకేసి మీసం దువ్వాడు. ఆ ఊపులో అందరూ వినేలా ఇంకో మాట అనేశాడు. "ఈ పందిట్లో అలాంటిదేదున్నా నువ్వే చూపించు. నువ్వు చూపినదల్లా బయటికి పోతుంది. ఇది నా మాట."

అచ్చియమ్మకి కావలసింది ఆ మాటే.

గుమ్మం దాటకుండా వేలెత్తింది. తలంబ్రాల బియ్యం దంచింది తమ వీధి సూరమ్మ, ఆమె మొగుడు నిరుడు పోయాడు. బియ్యం బయటికి పోయింది. పసుపు కొట్టింది సూరమ్మ తోడికోడలు, ఆమె కూడా అంతే. పసుపు పోయింది. మధుపర్కాల నూలు వడికినామె, పెళ్ళిచాప అల్లినామె, తాళికి దారం పేనినామె, అందరూ అలాంటివాళ్ళే. మొగుడున్నదానికి ఇంటిచాకిరీ, పోయినదానికి ఊరిచాకిరీ. ఆ చేతులెవరివో కోటలో ఎవరూ ఎన్నడూ అడగలేదు.

పురోహితుడికి చెమట పట్టింది. మంత్రం చదివితే వస్తువుకి దోషం పోతుందని శాస్త్రం ఉంది అన్నాడు.

"అయితే ఆ మంత్రమేదో నా మీద చదవండి పంతులుగారూ. నేనూ లోపలికొస్తాను."

 పదిమంది సామంతుల ముందు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి రాజుకి నోరు రాలేదు. ముహూర్తానికి రెండు ఘడియలే ఉంది. పందిట్లో గుంజలూ, రాజూ మిగిలారు.

అచ్చియమ్మ వేలు దించలేదు.

"ఇంకొకటుంది మహాప్రభూ. మూడేళ్ళ పసివాడికి తండ్రి పోతే, నీళ్ళు పోసి, అన్నం పెట్టి, సింహాసనం దాకా నడిపించిన చేతులెవరివి? ఆ చెయ్యి తగలని చోటు తమరి ఒంటి మీద ఉందా?"

 

 అప్పుడు లోపలి తలుపు చాటు నుంచి నవ్వు వినిపించింది. మనవరాలి పెళ్ళి సందులోంచి చూడ్డానికి కూర్చున్న రాజమాత నవ్వు.

"బయటికి నడు నాయనా, మాటిచ్చావుగా" అందావిడ. "ఇంతకీ ఈ ఆచారం ఎలా పుట్టిందో తెలుసా? మీ తాతగారు పెళ్ళినాడు ఉపవాసం ఉండలేక వంటింట్లో సున్నుండలు దొంగిలించారు. వాళ్ళ మేనత్త, పాపం భర్త పోయినావిడ, పదిమందిలో చెవి మెలేసింది. ఆ కోపానికి ఆవిణ్ణి పందిట్లోకి రానివ్వొద్దన్నారు. శాస్త్రం తరవాతెప్పుడో వచ్చి చేరింది."

రాజు పురోహితుడికేసి చూశాడు. "మన శాస్త్రానికి మూలం సున్నుండా?" అన్నాడు. తనే పగలబడి నవ్వాడు. సామంతులు నవ్వారు. అచ్చియమ్మ నవ్వలేదు.

రాజు చేతి కడియం తీసి ఇవ్వబోతే ఆమె చెయ్యి చాపలేదు. "ఇది నాకెందుకు? దండోరా వేసినవాడే, అవే వీధుల్లో, ఆ ఆజ్ఞ తప్పని చాటాలి. నాలుగు రోజుల్లోపల."

సరేనని, రాజు తనే వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని పందిట్లోకి తెచ్చాడు. ఆమె వెనక బియ్యం వచ్చింది, పసుపు వచ్చింది, కుండలు వచ్చాయి.

నాలుగోనాడు నూకాలు మెడలో తాళి పడింది. అక్షింతలు ముందెవరు వేస్తారని పంతులడిగితే, వియ్యపురాలు నేల చూపులు చూసింది. గోళ్ళలో ఇంకా మట్టి ఉన్న చేత్తో అచ్చియమ్మ ముందుకొచ్చి వేసింది.

నాటి నుంచీ ఆ రాజ్యంలో ఏ పెళ్ళయినా మొదటి అక్షింతలు పెళ్ళికూతురి తల్లివే, భర్త ఉన్నా పోయినా. ఎందుకలాగని ఎవరినైనా అడిగితే శాస్త్రం అంటారు. అచ్చియమ్మ పేరు ఎవరూ చెప్పరు.