చేమాకు మీద కూర్చోలేని వాన

ఒకప్పుడు చేమాకు కూడా అన్ని ఆకుల్లాగే తడిసేది.

ఆ రోజుల్లో వానకు మహా టెక్కు. కురిసి ఊరుకునేది కాదు. ఆకుల మీద చతికిలబడి, ఎండ వచ్చి బతిమాలేదాకా లేచేది కాదు. అంతసేపూ ఆకులు తలవంచుకుని మోయాల్సిందే. చింతాకు చిన్నది గనక బతికిపోయేది. వెడల్పాటి చేమాకు పని మాత్రం అయిపోయేది.

కాలవ గట్టున ఒక చేమమొక్క ఉండేది. దాని పిల్లాకులు పుట్టినవి పుట్టినట్టే ఆ బరువుకి మగ్గి కుళ్ళిపోయాయి. ఒక్కటే మిగిలింది. అది ఇంకా చుట్ట విప్పలేదు.

"వానా, రేపు నా పిల్ల విచ్చుకుంటుంది. దాని మీద కూర్చోకు," అంది చేమ.

"నా నీళ్ళు తాగి నాకే చెబుతావా?" అని ఉరిమింది వాన.

"తాగుతాను. నా వేళ్ళకి నీళ్ళు పొయ్యి, కడుపునిండా తాగుతాను. నెత్తికెక్కితే మాత్రం ఊరుకోను."

పక్కనే ఉన్న పొన్నగంటి మొక్క బిక్కచచ్చిపోయింది. "పెద్దవాళ్ళతో మనకెందుకే? కాస్త సర్దుకుపో," అంది మెల్లగా.

"పిల్లలు పోయింది నాకు. సర్దుకోను," అంది చేమ.

ఆ మాట తేనెటీగ వింది. దానికీ వాన మీద కోపమే. రెక్కలు తడిసి ఎన్నిసార్లు బురదలో పడిందో! వెంటనే మైనం తెచ్చి, చేమ పెద్దాకు మీద అరుగు అలికినట్టు నున్నగా అలికింది. సాయంత్రం వాన వచ్చింది. చూసి మురిసిపోయి, ఇంకా హాయిగా కాళ్ళు చాపుకుంది.

తేనెటీగ మొహం చిన్నబోయింది. చేమ మాత్రం నవ్వింది.

"ఈగమ్మా, మనమే దానికి పీట వేశాం. పల్లేరుకాయల మీద ఎవరైనా కూర్చుంటారా? అలకడం మానేసి, ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టు. కంటికి కనబడనంత చిన్నవి పెట్టు. ఎక్కడా ఖాళీ వదలకు."

ఈగ పిల్లాకు చుట్టలోకి దూరి, ఓపిగ్గా మైనం చుక్కలు పెట్టింది.

తెల్లారి పిల్లాకు విచ్చుకుంది. వాన కసిగా వచ్చి పడింది. కూర్చోబోతే కుచ్చుకుంది. అటు జరిగితే అక్కడా చుక్కలే. కాళ్ళు ముడుచుకుని, గుండ్రంగా అయిపోయి, ఆకు మీది దుమ్మంతా ఒంటికి పూసుకుని కిందికి దొర్లింది.

"నన్నే తోసేస్తావా?" అంది వాన, మట్టిలోంచి.

"వేళ్ళు అక్కడే ఉన్నాయి. వాటికి పొయ్యి," అంది చేమ.

అప్పటినుంచే చేమాకు తడవదు. కుండపోతగా కురిసినా సరే, చినుకులు గుండ్రంగా ముడుచుకుని జారిపోవాల్సిందే. కావాలంటే మీరూ ఓ చెంబుడు నీళ్ళు పోసి చూడండి. చేమ ఒప్పుకోదు.