ఆర్చిడీకను గారి విచారణ

రండి, దగ్గరగా జరగండి, చాప మీద ఇంకా చోటుంది. వెనకున్న అమ్మలూ, మీరూ ముందుకు రండి. ఇది దూరాన్నుంచి వినే సంగతి కాదు!

కనకరత్నం అయ్యగారు పాదిరి చదువు చెప్పే గురువులు. ఒక సాయంకాలం యోవేలు అనే శిష్యుడు ఆయన్ని అడిగాడు: "అయ్యగారూ, మన డయాసిస్‌లో ఉన్న నూట ఇరవై సంఘాలకీ బిషప్పు గారు పెద్ద. ఊళ్ళల్లో పాదిరి గార్లున్నారు. మరి మధ్యలో ఈ ఆర్చిడీకను గారు దేనికండీ?"

అయ్యగారు వాదించే మనిషి కాదు. తాను కళ్ళారా చూసిన ఒక సంగతి చెప్పారు.

ఆ రోజు పెద్ద గుడిలో ఓబద్యా అనే ఉపదేశికి గురుపట్టం, అంటే ఆయన్ని పాదిరిగా చేసే పండగ. పన్నెండేళ్ళు కాలవగట్టు పల్లెలో పాఠాలు చెబుతూ ఎదురుచూసిన మనిషి. ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళకి గాని అవకాశం రాదు. పల్లె పల్లెంతా బళ్ళు కట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ వచ్చింది. గుడిలో ఇసకేస్తే రాలదు!

పట్టమిచ్చే ముందు బిషప్పు గారు ఒక ప్రశ్న అడగాలి, ఆర్చిడీకను గారు ఒక జవాబు చెప్పాలి. అది ఆచారం. బిషప్పు గారు తన దండం పట్టుకుని గంభీరంగా అడిగారు: "ఈ మనిషి యోగ్యుడని విచారించారా?"

ఆర్చిడీకను జెకర్యా గారు నోరు తెరిచారు. నిజానికి విచారణంటే స్వయంగా ఊరెళ్ళి అడగడం. ఆయనకేమో మోకాళ్ళ నొప్పులు, పైగా ఎండలు. పల్లె నించి పది సంతకాలతో కాగితమొచ్చింది, చాల్లే అనుకున్నారు. ఇప్పుడు దేవుని బల్లముందు నిలబడేసరికి విచారించానని అబద్ధమాడటానికి మనసొప్పలేదు.

"లేదు తండ్రీ. విచారించలేదు."

గుడంతా కలకలం రేగింది. ఓబద్యా తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. పల్లెపెద్ద లేచి, "ఊరంతా ఇక్కడే ఉంది గదండీ, ఇప్పుడే అడగండి!" అని కేకేశాడు.

బిషప్పు గారు అన్నారు: "పండగ బట్టలు కట్టుకున్నవాళ్ళు మంచే చెబుతారు. ఇంటిదగ్గర మిగిలినవాళ్ళని అడిగి రండి. మేం కూచుంటాం."

ఇంకేం! అరవయ్యేళ్ళ జెకర్యా గారు అంగీ నడుముకి దోపి ఎవరిదో సైకిలెక్కారు. "ముందు ఆ సైకిలు యోగ్యతేదో విచారించండయ్యా!" అన్నాడొక కొంటెవాడు. ఏడు మైళ్ళ కాలవగట్టు. రెండుచోట్ల బురదలో పడ్డారు, లేచారు, తొక్కారు.

తర్వాత జెకర్యా గారే చెప్పారట: పల్లెలో ఒక్క ప్రాణి లేదు. చివరి గుడిసె అరుగు మీద మాత్రం చూపులేని ముసలమ్మ ఆదెమ్మ కూచునుంది.

"అమ్మా, మీ ఉపదేశి ఎలాంటివాడు?"

"నాకు ఉపదేశేంటి నాయనా, నేను మీ మతం కాదు," అంది. ఆయన వెనక్కి తిరగబోయారు. ముసలమ్మే మళ్ళీ అందుకుంది: "అయినా అడిగావు గాబట్టి చెబుతా. ఆయనలో ఒక లోపముంది. ఆదివారం గుడిగంట ఆలస్యంగా కొడతాడు. మీవాళ్ళు తిడతారు గూడా. ఏం చేస్తాడు మరి? కాలవ నించి నాకు రెండు బిందెలు మోసి పెట్టిగాని పోడు. వద్దన్నా వినడు, మొండివాడు!"

జెకర్యా గారు అక్కడే, ఆ అరుగు కింద మోకరించారు. నొప్పి గుర్తు రాలేదట!

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. జనం ఒక్కరూ కదల్లేదు. పాటలు పాడి పాడి గొంతులు బొంగురుపోయాయి. బిషప్పు గారు అదే కుర్చీలో, అవే బరువైన వస్త్రాల్లో, పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా కూచునున్నారు. లేచి, మొదటిసారి అడిగినట్టే మళ్ళీ అడిగారు.

"విచారించాను తండ్రీ!" అన్నారు ఆర్చిడీకను గారు, నిలువెల్లా బురదతో.

కప్పు లేచిపోయేలా హల్లెలూయ అన్నారు జనం! ఓబద్యా తల మీద బిషప్పు గారు చేతులుంచారు.

ఇంత చెప్పి అయ్యగారు ఆగారు. యోవేలు ఊరుకోలేదు. "అయితే అయ్యగారూ, ఆ ఇద్దరిలో ఎవరు గొప్ప?"

"ఒకాయన వెళ్ళాడు. ఒకాయన ఆయన వచ్చేదాకా కూచున్నాడు. ఇందులో నీకేది తేలికో చెప్పు," అన్నారు అయ్యగారు.

జవాబు నాకిప్పుడు చెప్పొద్దులెండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఒక మనిషి యోగ్యుడని మాటిచ్చే ముందు, వాళ్ళ ఊళ్ళో చివరి గుడిసె దాకా నడవండి. ఈ వారంలోనే ఒక్కసారి నడిచి చూడండి.