బుర్రావారు పులిని చూడబోయారు

ఆదివారం ఉదయం ఆరు గంటలు. సన్నగా ముసురు పడుతోంది. బుర్రావారి వసారాలో పెద్దవాళ్ళు నలుగురూ కాఫీ గ్లాసులు పట్టుకుని, వచ్చే ఆదివారం పులిని చూడ్డానికి జాతీయ పార్కుకి ఎలా వెళ్ళాలా అని ఆలోచిస్తున్నారు.

ఆలోచనకి ఆ ఇంట్లో కొదవ లేదు. "మిగతావాళ్ళు బుర్రని తలకాయలో పెట్టుకుంటారు. వానొస్తే తడుస్తుంది, ఎండొస్తే కాగుతుంది. మనం ఇంటిపేరులో పెట్టుకున్నాం. భద్రంగా ఉంటుంది" అన్నాడు ఇంటిపెద్ద తాతబ్బాయి. పెద్ద కొడుకు గవర్రాజు, చిన్న కొడుకు ఏడుకొండలు తలలూపారు. లోపల బరువేం లేదు గనక తేలిగ్గానే ఊగాయి.

గవర్రాజు భార్య సత్యవేణి మాత్రం ఊపలేదు. పోయిన ఏడాది తీర్థం నుంచి తిరిగొస్తూ బస్సెక్కగానే "మామయ్యగారూ, సీటు పట్టుకోండి" అంది. ఆయన పట్టుకున్నాడు. ఊరొచ్చింది, అందరూ దిగారు, ఆయన దిగలేదు. మూడు రోజులు ఆ బస్సులోనే ఇటూ అటూ తిరిగాడు. చివరికి ఎవరో బోల్టులు విప్పితే, సీటుతో సహా ఇంటికొచ్చాడు. "పట్టుకోమన్నావు. వదలమన్నావా అమ్మాయ్?" అన్నాడు.

అప్పట్నుంచీ సత్యవేణికి ప్రయాణమంటే భయం. మాటంటే ఇంకా భయం. నాలుగు మాటలు అనాల్సిన చోట ఒక్కటే అంటుంది. ఇప్పుడు ఏడేళ్ళ కూతురు లిఖిత కూడా వస్తానంటోంది. పెళ్ళయిన పదిహేనేళ్ళకి పుట్టిన పిల్ల.

"వెళ్ళినవాళ్ళంతా ఇంటికి రావాలి" అంది సత్యవేణి.

"రాకేం చేస్తాం? అడవిలో మనకేమైనా ఉద్యోగమా?" అన్నాడు గవర్రాజు.

"టైర్లలో గాలి చూడండి" అంది మొగుడితో. "గెస్టు హౌసులో రూము బుక్ చెయ్యి" అంది మరిదితో.

గవర్రాజు సోమవారం వ్యాను ముందు గొంతుకూర్చుని టైరు వంక చూశాడు. గాలి కనపళ్ళేదు. మూత విప్పి, లోపలి పిన్ను పుల్లతో నొక్కి చూశాడు. బుస్సుమంది గానీ కనపళ్ళేదు. నాలుగు టైర్లూ అలాగే చూశాడు. వ్యాను నేలమీద కూచుంది.

"గాలి వచ్చింది సత్యవేణీ, నా మొహానికే తగిలింది. కానీ మరీ సన్నగా ఉంది, కంటికి ఆనలేదు" అన్నాడు.

ఏడుకొండలేమో బజారుకెళ్ళి లావుపాటి నోటుబుక్కు తెచ్చి, పేజీ పేజీకీ 'రూము' అని రాశాడు. "రెండొందల పేజీల రూము వదినా. ఐదుగురం కాళ్ళు చాపుకోవచ్చు" అన్నాడు.

సత్యవేణి టైర్లకి తనే గాలి కొట్టించింది. రూము ఊసు వదిలేసింది.

శనివారం సాయంత్రం మాత్రం నోరు జారింది. "పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరదాం" అంది. ఇంకేముంది. తెల్లారేసరికి తండ్రీకొడుకులు ముగ్గురూ తువ్వాళ్ళలో పులిహోర పోసుకుని నడుములకి కట్టుకుని, నూనె మరకలతో గుమ్మంలో నిలబడ్డారు.

"గట్టిగానే కట్టుకున్నామమ్మాయ్. కానీ నాకో అనుమానం. పులిహోర పులికి పెట్టేదైతే, మనం తినేది మనిషిహోర కావాలి కదా?" అన్నాడు తాతబ్బాయి.

"వ్యానెక్కండి" అంది సత్యవేణి. ఎక్కారు. ఆ ఒక్కమాటా సవ్యంగానే పోయింది.

పెట్రోలు బంకులో దారి అడిగితే "నేరుగా పోండి" అన్నాడు బంకు మనిషి. నాలుగు కిలోమీటర్లు నేరుగానే పోయారు. అక్కడ రోడ్డు కుడికి వంగింది. గవర్రాజు వంగలేదు. అంతే. వ్యాను గట్టు దిగి మొక్కజొన్న చేలో దూరింది. కంకుల మధ్యనుంచి ఒక రైతు లేచి చూశాడు.

"ఏం బాబూ, రోడ్డు అటుంటే ఇటొచ్చారేం?"

"రోడ్డు వంకరగా పోతోందండి. మమ్మల్ని నేరుగా పొమ్మన్నారు" అన్నాడు గవర్రాజు మర్యాదగా.

రైతు వాళ్ళని ఒక్కొక్కళ్ళనే తేరిపార చూసి, సత్యవేణి దగ్గర ఆగాడు. "నీకెంతమంది పిల్లలమ్మా?" అన్నాడు.

"నలుగురు" అంది సత్యవేణి.

పదకొండింటికి పార్కు గేటు చేరారు. 'జాతీయ పార్కు' అన్న బోర్డు చదవగానే తండ్రీకొడుకులు ముగ్గురూ వ్యాను దిగి, వరసగా నిలబడి, చేతులు నుదుటికి ఆనించారు. పావుగంట కదల్లేదు. వెనక బళ్ళు ఆగిపోయాయి. ఫారెస్టు గార్డు ఈల వేసుకుంటూ వచ్చాడు.

"జాతీయ గీతానికి లేచి నిలబడతాం. జాతీయ జెండాకీ నిలబడతాం. ఇదేమో జాతీయ పార్కాయె" అన్నాడు ఏడుకొండలు.

"ఎంతసేపు నిలబడతారు?"

"అదే మాకూ తెలీట్లేదండి. గీతమైతే అయిపోతుంది. పార్కు ఎప్పుడైపోతుంది?"

గార్డు ఈల జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళని ఎక్కించి, తనూ ఎక్కి, లోపల మంచె దగ్గరున్న ఖాళీ స్థలంలో దింపాడు. "తినడం ఇక్కడే. నీళ్ళు ఆ చివర. పిల్లలు జాగ్రత్త" అని చెప్పి అటు తిరిగాడు.

పులిహోర విప్పారు, తిన్నారు. సత్యవేణి చేతులు కడుక్కురావాలి. వెళ్తూ వెనక్కి చూసింది. లిఖిత తాత కుడిపక్కన కూచుని గడ్డిపూలు ఏరుతోంది. మామగారితో చాలా ఆలోచించి, తడుముకుని, ఒక్కమాటే అంది.

"పిల్లని ఓ కంట కనిపెట్టండి."

తాతబ్బాయి ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడికంటితో కనిపెట్టడం మొదలుపెట్టాడు. కుడిపక్క పూలు అయిపోయాయి. లిఖిత లేచి తాత వెనకనుంచి ఎడమపక్కకి వెళ్ళింది. అంతే.

"ఒరేయ్, పిల్ల లేదురా" అంటూ తాతబ్బాయి ముందుకి పరిగెత్తాడు. కొడుకులిద్దరూ ఆయన వెనక పరిగెత్తారు. అందరూ ఎవర్ని వెతుకుతున్నారో చూద్దామని లిఖిత మంచె ఎక్కింది.

సత్యవేణి తిరిగొచ్చేసరికి అక్కడ మూడు తువ్వాళ్ళూ నాలుగు గడ్డిపూలూ ఉన్నాయి. ఆమెకి గొంతు పెగల్లేదు. పూలు పిడికిట పట్టుకుని పొద పొదకీ వంగి చూస్తూ పోయింది. ముసురు పట్టుకుంది. అడవి కాస్త నల్లబడింది.

గార్డు పరుగున వచ్చాడు. "అరవండయ్యా. పేరు పెట్టి పిలవండి" అన్నాడు.

"పేరు ఏడేళ్ళ కిందటే పెట్టేశాం కదండీ" అన్నాడు ఏడుకొండలు.

"సర్కారు మనిషి మళ్ళీ పెట్టమంటున్నాడు, పెట్టరా. ఏ ఊళ్ళో పద్ధతి ఆ ఊళ్ళో ఉంటుంది. మంగతాయారు అని పెడదాం" అన్నాడు తాతబ్బాయి.

"అది మీ మేనత్త పేరు నాన్నా. పిల్లకి ఆవిడ కోపం వస్తుంది" అన్నాడు గవర్రాజు.

"అయితే నువ్వే చెప్పు, తండ్రివి."

గవర్రాజు చెట్టుకానుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "వెన్నెల" అన్నాడు. అందరికీ నచ్చింది. ఇంకేముంది. "వెన్నెలా, ఓ వెన్నెలా" అని ముగ్గురూ గొంతులు పోయేలా అరుస్తూ అడవంతా తిరిగారు. గార్డు ఆ పిల్ల పేరు అదే కాబోలనుకుని అతనూ అరిచాడు. గంట గడిచింది. సత్యవేణి తిరిగొచ్చి మంచె కింద తడి నేలమీద కూలబడింది.

"అమ్మా" అని పైనుంచి వినపడింది. "వెన్నెల కనపడిందా? పాపం, ఎవరి పిల్లో. నేనూ ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నాను."

సత్యవేణి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. పిల్లని గుండెకి అదుముకుని, చాలాసేపు వదల్లేదు.

"నలుగుతున్నానమ్మా" అంది లిఖిత.

అప్పుడు సడలించింది. చెయ్యి మాత్రం విడవలేదు.

ఇక ఇంటికే అనుకుంది. కానీ గేటు దగ్గర గవర్రాజు బ్రేకు వేశాడు. బయటికి పోయే దారిలో ఇంకో బోర్డుంది. 'అడవిలో దొరికినవేవీ బయటికి తీసుకుపోరాదు.' గవర్రాజు రెండుసార్లు చదివాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని గార్డుని పిలిచాడు.

"మా అమ్మాయండి. అడవిలో దొరికింది. మేం తప్పు చేసేవాళ్ళం కాదు. బడి ఎక్కడుందో చెబితే చేర్పించి పోతాం."

"తీసుకుపోవయ్యా బాబూ" అన్నాడు గార్డు.

"ఎలాగండీ? రాసి పెట్టారు కదా."

సత్యవేణి చూసింది. పిల్ల చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. రోజంతా దాచుకున్న మాటలు ఒక్కసారి బయటికొచ్చాయి. "అది మనకి దొరకలేదండీ. పైన కూచుని మనల్ని చూసింది అది. పిలిచింది అది. మనమే దానికి దొరికాం" అంది.

గవర్రాజు ఆలోచించాడు. అవునన్నట్టు తలూపాడు. ఇంజను ఆపేసి తాళం పిల్ల చేతిలో పెట్టాడు. "అయితే ఉండిపోవాల్సింది మనమే. లిఖితా, నువ్వెళ్ళమ్మా. అన్నం వేళకి తిను."

గార్డు అక్కడే ఒక రాయి మీద కూచున్నాడు. కాసేపు నేలకేసి చూసి, లేచి వ్యాను వెనకెక్కాడు. "మీరెవరూ ఎవర్నీ తీసుకుపోవద్దు. అందర్నీ నేను తీసుకుపోతున్నాను. ఆ బోర్డు రాయించిన ఆఫీసు నాదే. పోనివ్వండి. మెయిన్ రోడ్డు రాగానే చెప్పండి, దిగిపోతాను" అన్నాడు.

సాయంత్రానికి ముసురు వెలిసింది. దీపాల వేళకి వ్యాను ఇంటి ముందు ఆగింది. దారంతా సత్యవేణి ముందు సీట్లో పిల్లని ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు అందర్నీ వసారాలో వరసగా నిలబెట్టి వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. మామగారు. మొగుడు. మరిది. లిఖిత. తనూ. ఐదుగురు. పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

వ్యానులోంచి పెద్ద ఆవలింత వినపడింది. "మెయిన్ రోడ్డొచ్చిందా?" అంటూ గార్డు కళ్ళు నులుముకుంటూ దిగాడు.

"అప్పుడే చెప్పామండి. మూడుసార్లు, చెవి దగ్గర, మెల్లిగా" అన్నాడు ఏడుకొండలు.

"మరి లేపలేదేం?"

"చెప్పమన్నారండి. లేపమన్లేదు. మంచి నిద్రలో ఉన్నారు."

"వెళ్ళినవాళ్ళంతా రావాలన్నావు కదమ్మాయ్. ఒకళ్ళు ఎక్కువే వచ్చారు" అన్నాడు తాతబ్బాయి, గొప్పగా.

సత్యవేణి మళ్ళీ మొదట్నుంచీ వేలు చూపిస్తూ వచ్చింది. మామగారు. మొగుడు. మరిది. లిఖిత. తను. గార్డు.

"ఆరుగురు" అంది. బియ్యం కొలవడానికి లోపలికి వెళ్ళింది.