విత్తనాల గది తాళంలో విరిగిన చెవి

అనగా అనగా, మీ ముత్తవ్వ వాళ్ళ ముత్తవ్వ ఒళ్ళో కూర్చుని ఊ కొట్టిన రోజుల్లో, కొర్రలదుర్గం అని ఒక ఊరు ఉండేది. ఊ కొట్టండి మరి, ఊ లేకపోతే నా కథ అడుగు ముందుకు వెయ్యదు.

ఆ ఊరిని మల్లభూపతి అనే రాజు ఏలేవాడు. మంచివాడే గానీ కాస్త తొందర మనిషి. కోట పక్కన ఒక విత్తనాల గది ఉండేది. మట్టిగోడలు, ఇనుప పట్టీల తలుపు, ఆ తలుపుకు పసిపిల్లవాడి తలంత తాళం. పంట ఇంటికి రాగానే రైతులందరూ మేలైన కొర్రలు, జొన్నలు ఏరి, బూడిద కలిపి ఆ గదిలో దాచుకునేవారు. తొలకరి పడ్డాక ఏరువాక నాడు గది తెరిచి, ఎవరి విత్తనం వాళ్ళు తీసుకునేవారు. మళ్ళీ ఏడాది ఊరంతా తినబోయే తిండి ఆ తలుపు వెనకే ఉందన్నమాట.

ఆ గది తాళంచెవి ఓబన్న మొలతాడుకు వేలాడేది. అతని తాత మొలకు వేలాడింది, తండ్రి మొలకు వేలాడింది, ఇప్పుడు ఇతని వంతు. ఓబన్నకు ఆ తాళమంటే ప్రాణం. ఇంకొకరు చెయ్యి వేస్తే ఒప్పుకునేవాడు కాదు. రోజూ తుడిచేవాడు, శుక్రవారం శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. "తాళాన్ని చూసుకోవడం ఓబన్నను చూసి నేర్చుకోండి" అని రాజు సభలో అన్నాడంటే, ఓబన్న మీసం నాలుగు రోజులు కిందికి దిగేది కాదు.

ఆ ఏడు వాన సమయానికి కురిసింది. నేల పదునెక్కింది. ఎద్దుల కొమ్ములకు రంగులు పూశారు, విత్తనం వేసే గొర్రులు కడిగి బొట్లు పెట్టారు. డప్పులు కొట్టుకుంటూ ఊరంతా విత్తనాల గది దగ్గరికి వచ్చింది. జనం రాకముందే తలుపు తీసి పెడదామని ఓబన్న తెల్లవారుతూనే వెళ్ళాడు. జనం వచ్చి చూస్తే, సగం చెవి చేతిలో పట్టుకుని బిక్కమొగం వేసుకుని నిలబడి ఉన్నాడు. మిగతా సగం తాళంలో ఉండిపోయింది.

"ఎలా విరిగింది?" అన్నాడు జనంతో పాటు వచ్చిన రాజు.

"ఇలా పెట్టాను, అలా విరిగింది ప్రభూ. తిప్పనైనా తిప్పలేదు" అన్నాడు ఓబన్న.

డప్పులు ఆగిపోయాయి. వేసవి ఎండకు కాగిన నేలలో పదును మూడు రోజులకు మించి నిలవదు. ఆరిపోయాక విత్తితే గింజ మొలవదు, ఊరు పస్తే.

మొదటి రోజు వస్తాదు భీమలింగం వచ్చాడు. తొడలు చరుచుకుని, "ఓబన్నా, చెవి తిప్పలేదంటావు కదా. అయితే నేరుగా లాగితే వచ్చేస్తుంది" అన్నాడు. పెద్ద పట్టకారు పెట్టి, తలుపుకు కాలు తన్నిపెట్టి, బుసలు కొడుతూ లాగాడు. పట్టకారు జారింది. వస్తాదు దొర్లుకుంటూ పోయి ఎద్దుల కుడితి తొట్టిలో కూర్చున్నాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. చెవి మాత్రం కదల్లేదు.

రెండో రోజు కమ్మరి రుద్రాచారి వచ్చాడు. "ఓబన్నా, లోపల ఏదైనా అడ్డం ఉందా?" అని అడిగాడు.

"నా తాళం లోపల అద్దంలా ఉంటుంది" అన్నాడు ఓబన్న, ఎటో చూస్తూ.

"అయితే తుప్పే అయి ఉంటుంది, కాలిస్తే వదులుతుంది" అని ఆచారి ఎర్రగా కాలిన చువ్వ తెచ్చి లోపల పెట్టాడు. గుప్పున పొగ వచ్చింది. ఏమిటో పోపు మాడిన వాసన. ఓబన్న మొహం పాలిపోయింది. రాజు కంగారుగా, "చాలు చాలు, మా విత్తనాన్ని పేలాలు చేసేట్టున్నావు" అని ఆపించాడు.

మూడో రోజుకు రాజు ఓపిక అయిపోయింది. "ఏనుగును తెండి. తలుపు పడగొట్టిద్దాం" అన్నాడు. ఏనుగు వచ్చింది. అంతలో జనంలోంచి ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఏనుగు ముందు నిలబడింది.

ఆమె సుంకులవ్వ. పొలం గట్ల మీద తిరుగుతూ, రైతుల కాళ్ళలో దిగిన ముళ్ళు తీయడం ఆమె పని. ఒక సూది, శ్రావణమనే సన్నని పట్టకారు ఎప్పుడూ ఆమె కొంగున ఉండేవి.

"దొరా, తలుపుతో పాటు మట్టిగోడ కూలుతుంది. పడమట మబ్బు చూశావా? సాయంత్రానికి వాన. విత్తనం తడిసి గదిలోనే మొలకెత్తితే చేలో ఏం చల్లుతావు? నన్నొకసారి చూడనీ" అంది.

"ముళ్ళు తీసేదానివి, తాళం నీకేం తెలుసు అవ్వా?" అన్నాడు రాజు.

"తాళం తెలియదు. దిగినదాన్ని తీయడం తెలుసు. ముల్లు ఎలా దిగిందో తెలిస్తేనే ఎలా తీయాలో తెలుస్తుంది." ఆమె ఓబన్న వైపు తిరిగింది. "ఎటు తిప్పావు నాయనా?"

"తిప్పలేదవ్వా."

"చిన్నప్పుడు నీ కాల్లో తుమ్మముల్లు దిగింది. నడిచేటప్పుడు చూసుకోలేదని మీ నాయన తిడతాడని మూడు రోజులు దాచావు. కాలు బూరెలా వాచాక ఏడుస్తూ నా దగ్గరికి వచ్చావు. ఇవాళ కూడా మూడో రోజే ఓబన్నా" అంది అవ్వ మెల్లగా.

ఓబన్న తల తిప్పి చూశాడు. ఒక రైతు గుప్పెడు మట్టి తీసి పిసుకుతున్నాడు. ముద్ద కావలసిన మట్టి వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలిపోతోంది. నిజం చెబితే మూడు తరాల చెవి మొలతాడు నుంచి ఊడిపోతుంది. చెప్పకపోతే ఏనుగు గోడ కూలుస్తుంది, విత్తనం తడుస్తుంది, ఊరికి కూడు లేదు.

"అబద్ధం చెప్పానవ్వా" అన్నాడు. "తాళానికి బయట బొట్టు పెడితే వానకు కారిపోతోందని, ఏడేళ్ళుగా పసుపూ కుంకుమా చెవి దూరే కంతలోనే కూరుతున్నాను. ఆ రోజు చెవి ఎడమకు సగం తిరిగి ఆగింది. తాళంచెవి పిడి ఉంగరంలో గునపం దూర్చి తిప్పాను. విరిగింది."

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. "అదా ఆ పోపు వాసన" అని రుద్రాచారి నెత్తి కొట్టుకున్నాడు. రాజు కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి.

"కోపం తర్వాత దొరా, ముల్లు ముందు" అంది అవ్వ.

గోరువెచ్చని నువ్వులనూనె నాలుగు చుక్కలు కంతలో వేసింది. సూదితో పసుపు కుంకుమలు గోకి గోకి తీసింది. బోలుగా ఉన్న ఆముదపు ఆకు కాడ పెట్టి ఉఫ్ అని ఊదింది. కంతలోంచి ఎర్రపొడి లేచి, వంగి చూస్తున్న రాజుగారి ముక్కు మీద పడింది. ఆయన మూడుసార్లు తుమ్మాడు. మూడో తుమ్ముకు ఆయనకే నవ్వొచ్చింది.

"సగం తిరిగిన చెవిని లాగితే పళ్ళు లోపల పట్టుకుంటాయి. ఎంత తిరిగిందో అంత వెనక్కి తిప్పాలి" అంటూ అవ్వ సూది మొనతో ముక్కను కుడికి నెట్టింది. కిర్రుమని ముక్క నిలువుగా వచ్చి ఆగింది. అప్పుడు శ్రావణంతో పట్టి లాగింది. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది.

రుద్రాచారి రెండు ముక్కలూ కలిపి చూసుకుని, గడియలో కొత్త చెవి చేశాడు. తలుపు తెరుచుకుంది. పై మట్టి ఆరినా, పొలాల్లో పదును ఇంకా బెత్తెడు లోతున ఉంది. వస్తాదు భీమలింగం బస్తాలు మోశాడు, ఆడవాళ్ళు ఏరువాక పాటలు ఎత్తుకున్నారు, ఓబన్న అందరికంటే ముందు గొర్రు పట్టాడు. ఆఖరి చాలు పూర్తవుతుండగా వాన మొదలైంది. తడుస్తూనే అందరూ గంతులు వేశారు.

ఓబన్న కొత్త చెవిని తెచ్చి అవ్వ పాదాల దగ్గర పెట్టాడు.

"నాకెందుకు? దొరా, ముల్లు గుచ్చుకున్నవాడే మళ్ళీ చూసి నడుస్తాడు. ఇతనికే ఇవ్వు" అంది ఆమె.

రాజు తన చేత్తోనే ఆ చెవిని ఓబన్న మొలతాడుకు కట్టాడు. "ఒక్క షరతు. ఇకనుంచి బొట్టు గడపకు పెట్టు నాయనా" అన్నాడు. ఓబన్న కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

కథ చేను చేరింది, ఇక మీరు కంచాల దగ్గరికి చేరండి. లేచే ముందు ఈ ఒక్క మాట కొంగున కట్టుకోండి: చేసిన తప్పు దాచినంతసేపూ ఏనుగు బలం కూడా చాలదు, ఒప్పుకున్నాక సూది మొన చాలు.