లక్షవత్తుల వాయనం

"చేతులు చూపించు. అరచేతులు కాదు, తిప్పి గోళ్ళు చూపించు. మట్టి ముట్టని చేతులతో వచ్చి, ఈ ప్రమిదలన్నీ నేనే చేశానని నలుగురిలో చెప్పుకున్నావే, నీకు సిగ్గు లేదూ?"

విరూపాక్షయ్యగారు ఈ మాట అన్నది కోదండంతో. కోదండానికి నలభై ఏళ్ళు దాటాయి, పట్నంలో పెద్ద బట్టలకొట్టు ఉంది. గురువుగారి దగ్గర చేరినవాళ్ళకు ఒక కట్టడి ఉండేది. కార్తీకం వచ్చేలోగా ప్రతి శిష్యుడూ తన చేత్తో ప్రమిదలు చేసి, ఎండబెట్టి, కాల్చి, దీపం పెట్టుకునే స్తోమత లేని ఇళ్ళకు తానే మోసుకెళ్ళి ఇవ్వాలి. ఇన్ని అని నియమం లేదు. వంకరగా వచ్చినా తప్పు లేదు. కోదండం మూడు వందలు తెచ్చాడు. అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. కొట్లో పనివాళ్ళ చేత చేయించాడు.

కోదండం తల వంచుకున్నాడు గాని ఊరుకోలేదు.

"తప్పే గురువుగారూ. కాని ఒక్కటి అడుగుతాను. చీకటి ఇంట్లో ఉన్నవాడికి దీపం కావాలి. ప్రమిద ఎవరు చేస్తే వాడికేం? వెలుగు ఒకటేగా?"

విరూపాక్షయ్యగారికి వాదించే అలవాటు లేదు. కోదండాన్ని కూర్చోమని కూడా అనకుండా, అలాగే నిలబెట్టి, ఒక ఊళ్ళో జరిగిన సంగతి చెప్పారు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరికి చలపతిరావుగారు కరణం. ఆయన భార్య మాణిక్యాంబ. ఒక ఏడు కరణంగారికి సన్నిపాత జ్వరం వచ్చి, ఇరవై రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నారు. మాణిక్యాంబ దేవుడి గదిలోకి పరుగెత్తి, ఈయన లేచి కూర్చుంటే లక్ష వత్తులు నా చేత్తో చేసి వెలిగిస్తానని మొక్కుకుంది. ఆయన లేచి కూర్చున్నారు. ఆరు నెలల్లో మునుపటిలా తిరిగారు.

లక్షవత్తుల నోము అంటే ఆషామాషీ కాదు. గింజ తీసిన దూదిని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళకు విబూది అద్దుకుని, ఒక్కొక్క వత్తీ పురి పెట్టాలి. పూర్తయ్యాక కార్తీక పౌర్ణమినాడు పేరంటం పిలిచి ఉద్యాపన చేసుకోవాలి. ఆ ఊళ్ళో ఇంకో ఆచారం కూడా ఉండేది. పేరంటాళ్ళలో పెద్దావిడ మూడుసార్లు "ఎవరి చేతి వత్తులమ్మా?" అని అడుగుతుంది. నోము పట్టినావిడ మూడుసార్లు "నా చేతివి" అని చెప్పి, ఒక ముత్తైదువకు వాయనం ఇవ్వాలి. ఆమె పుచ్చుకుంటేనే వత్తులు వెలిగించాలి. పుచ్చుకునే చెయ్యి లేకపోతే ఆ నోము తీరనట్టే.

మాణిక్యాంబకు ఓపిక తక్కువ. మొదటి ఏడు మూడు వేలు చేసింది. రెండో ఏడు వెయ్యి. తరవాత వేళ్ళు నొప్పులన్నది, కళ్ళు లాగుతున్నాయన్నది. ఆరేళ్ళు గడిచాయి. కాలవగట్టు మీద ఆడవాళ్ళు కనిపించినప్పుడల్లా "ఏమండీ కరణంగారమ్మా, ఈ కార్తీకానికైనా మాకు పులిహోర పెట్టిస్తారా?" అని నవ్వేవారు. చివరికి భర్త కూడా అన్నాడు.

"ఏమోయ్, దేవుడు నన్ను లేపడానికి ఒక్క పూట పట్టింది. నీ వత్తులకు ఇంకెన్నేళ్ళు?"

నవ్వుతూనే అన్నాడు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. మొక్కు తీరకుండా ఆయనకు మళ్ళీ ఏమైనా అయితే? ఆ భయం నిజమే. ఊరు నవ్వుతోందన్న ఉక్రోషం అంతకన్నా నిజం.

ఆ ఏడు ఆశ్వయుజంలో కృష్ణ పొంగి పైర్లు పోయాయి. ఒకరోజు పొద్దున్నే నరసాయమ్మ ఖాళీ గిన్నె కొంగు చాటున పెట్టుకుని కరణంగారి పెరటి గుమ్మంలో నిలబడింది. ఆమె భర్త జగ్గయ్య పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాడు. ఉబ్బసం ముదిరి పొయ్యి దగ్గర కూర్చోలేక మానుకున్నాడు.

"అక్కయ్యగారూ, రెండు మానికల బియ్యం ఇప్పిస్తే..."

"రెండు మానికలేమిటే, బస్తా ఇస్తాను. నువ్వేదో వత్తుల నోము పట్టావటగా? ఎంతవరకు వచ్చింది?"

నరసాయమ్మ ముఖం విప్పారింది. "తొంభై వేలు దాటాయండీ. నాలుగేళ్ళు పట్టింది. మావారి ఆయాసం తగ్గాలని మొక్కుకున్నాను. ఈ పౌర్ణమికి అయిపోతాయి."

"అవి నాకియ్యి."

నరసాయమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గిన్నెను మళ్ళీ కొంగు చాటుకు లాక్కుంది. "అవి ఆయన కోసం చేసినవండీ."

"ఎవరి కోసమైతేనేం, వెలిగేది ఆ దేవుడి ముందేగా! నీకు తీరిక ఉంది, నాకు బియ్యం ఉంది. నువ్వు మళ్ళీ చేసుకుంటావు. ముందు ఆయన కడుపులో నాలుగు మెతుకులు పడొద్దూ? ఆలోచించుకో. నేనేం బలవంతం చెయ్యటం లేదు."

సాయంత్రానికి బియ్యం బస్తా ఆ ఇంటికి వెళ్ళింది. గుడ్డ కప్పిన గంప ఈ ఇంటికి వచ్చింది. నరసాయమ్మ ఆ గంపను కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది. మాణిక్యాంబ అది చూసింది. చూసి, లోపలికి వెళ్ళి తలుపు చేరవేసుకుంది. పేదవాళ్ళ కడుపు నింపానని తనకు తాను చెప్పుకుంది. మర్నాటినుంచి నలుగురికీ కనిపించేలా వీధి అరుగు మీద దూది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పౌర్ణమినాడు పొద్దు వాలకముందే కరణంగారి ఇల్లు పేరంటాళ్ళతో నిండిపోయింది. ఇత్తడి పళ్ళాల్లో వత్తులు కొండల్లా పోశారు. చూసినవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వాయనం అందుకోవడానికి మాణిక్యాంబ నరసాయమ్మనే పిలిచింది. పట్టుచీర పెట్టి వాయనమిస్తే ఆమె నోరు ఇక ఎన్నటికీ లేవదని మాణిక్యాంబ ఎత్తు.

ఊరికి పెద్దది పేరమ్మ. కళ్ళు కనపడవు. ఆమె గోడకానుకుని కూర్చుని అడిగింది. "ఎవరి చేతి వత్తులమ్మా?"

"నా చేతివి."

రెండోసారీ అడిగింది. రెండోసారీ అదే జవాబు. మూడోసారి మాణిక్యాంబ గొంతు కొంచెం పెద్దదైంది. "నా చేతివే, పిన్నిగారూ!"

తరవాత చేటలో పట్టుచీర, పళ్ళు, దీపం పెట్టుకుని నరసాయమ్మ ముందు నిలబడి, ఇస్తున్నానమ్మా వాయనం అంది. నరసాయమ్మ కొంగు పట్టలేదు. మళ్ళీ అంది. మూడోసారి మెల్లిగా, పళ్ళ బిగువున, "పట్టవే" అని కూడా అంది.

"అక్కయ్యగారూ, మీ బియ్యం తిన్నాం. కాదనను. అబద్ధం కూడా తినమంటే నా వల్ల కాదు."

పేరమ్మ చెయ్యి చాచి పళ్ళెంలోంచి ఒక వత్తి తీసింది. రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూసింది. ఇంకోటి తీసింది.

"ఇది వెనక్కి తిప్పిన పురి. గంజి పడి బొటనవేలు కాలిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో ఇలా తిప్పేది నరసాయమ్మ ఒక్కతే. ఏమే మాణిక్యం, నీ వేలెప్పుడు కాలిందే?"

మాణిక్యాంబ చేట పట్టుకుని నిలబడే ఉంది. ఆడవాళ్ళు లేచారు. తాంబూలం ముట్టకుండా ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటారు.

రెండు రోజుల తరవాత ఆమె ఆ గంప తనే మోసుకుని నరసాయమ్మ ఇంటికి వెళ్ళింది. "నీవి నువ్వు తీసుకో" అంది.

నరసాయమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. "దేవుడి ముందు మీవన్నారుగా. ఇప్పుడు నావని నేనెలా చెప్పనండీ?"

ఆ గంపను కృష్ణలో వదిలేశారు. మార్గశిరంలో జగ్గయ్య ఆయాసంతో పోయాడు. వత్తులు వెలిగి ఉంటే బతికేవాడని నేననను, అన్నారు విరూపాక్షయ్యగారు ఇక్కడ ఆగి. అనుకోవడానికి నరసాయమ్మకు మాత్రం అది మిగిలింది.

మాణిక్యాంబ ఆ ఏడే దూది తెప్పించి మొదటి వత్తి నుంచి మొదలుపెట్టింది. ఈసారి వీధి అరుగు మీద కాదు, వెనకింట్లో. వేళ్ళు పగిలాయి, కీళ్ళు బిగుసుకున్నాయి. మానలేదు. పదకొండేళ్ళు చేసింది. లక్షా పూర్తయింది. ప్రతి వత్తీ ఆమె చేతిదే. ఆ కార్తీకంలో ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచింది. అందరూ బొట్టు పెట్టించుకున్నారు. పౌర్ణమినాడు ఒకామెకు తలనొప్పి వచ్చింది. ఒకామెకు చుట్టాలు వచ్చారు. ఒకామె ఊళ్ళో లేదు. పేరమ్మ పోయి అప్పటికి చాలాకాలమైంది గాని, ఆమె అడిగిన ప్రశ్న ఆ ఊరి కోడళ్ళందరికీ తెలుసు. మాణిక్యాంబ చేట ముందు పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చుంది. మరుసటి ఏడూ పిలిచింది. ఆ పై ఏడూ పిలిచింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ రాలేదు.

వత్తులు డబ్బాల్లోనే ఉండగా ఆమె పోయింది. తల దగ్గర దీపం పెట్టాలి. ఎనభై ఏళ్ళ కరణంగారు, ఎవరి ప్రాణం కోసం ఆమె మొక్కుకుందో ఆయనే, తడుముకుంటూ డబ్బా మూత తీసి ఒక వత్తి పట్టుకొచ్చారు.

విరూపాక్షయ్యగారు లేచి పైపంచె దులుపుకున్నారు.

"ఆమె తన చేత్తో చేసిన లక్షలో వెలిగింది అదొక్కటే, కోదండం. దాన్ని ఆమె చూడలేదు."